ఏడుపు పెట్టె

ఆ వానకాలం మా ఇంటి ఫోను ఐదుసార్లు మోగింది. ఐదుసార్లూ మా అన్నయ్య బతికే ఉన్నాడు.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఈ లెక్క మా అమ్మ బుర్రలో ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలియకపోతే, మిగతాదంతా మీకు పిచ్చివాళ్ల గోలలా ఉంటుంది.

అన్నయ్య చిన్న విమానం నడిపేవాడు. చిన్నదంటే మరీ చిన్నది. ఇద్దరు పడతారు, మూడో మనిషి ఎక్కాలంటే సామాను దిగాలి. కొండల్లోంచి నూట నలభై కిలోమీటర్ల పొడవున గ్యాస్ గొట్టం ఒకటి పోతుంది. వానలకి ఎక్కడైనా మట్టి జారిందా, గొట్టం బయటపడిందా అని పైనుంచి చూసుకుంటూ పోవడం అతని పని. దారి మధ్యలో, కొండ మీద, పంపు స్టేషన్ ఉంది. అక్కడి మట్టి రన్‌వే మీద దిగి, కాగితాలిచ్చి, వాళ్లు పోసిన టీ తాగి తిరిగి వచ్చేవాడు. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి. పెళ్లి మాటెత్తితే చాలు, "ఇప్పుడు వాతావరణం బాలేదమ్మా" అని లేచిపోయేవాడు.

నేను అన్నయ్య పనిచేసే కంపెనీలోనే రేడియో మెకానిక్‌ని. మూడు విమానాల రేడియోలూ, వైర్లూ, యాంటెన్నాలూ అన్నీ నా చేతి మీదుగానే పోవాలి. ఆ విమానాల తోకలో నారింజ రంగు పెట్టె ఒకటి ఉంటుంది, టిఫిన్ డబ్బా అంత. ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్ అని దాని పేరు. విమానం కూలితే ఆ దెబ్బకి లోపలి స్ప్రింగు కదిలి, పెట్టె దానంతట అదే ఏడవడం మొదలెడుతుంది. ఆ ఏడుపు ఉపగ్రహానికి అందుతుంది. ఉపగ్రహం నుంచి రక్షణ కేంద్రానికి పోతుంది. ఆ కేంద్రం వాళ్లు పెట్టె ఎవరిదో చూసి, నిజమా ఉత్తుత్తిదా కనుక్కోవడానికి ముందు ఆ పెట్టెకి రాసి ఉన్న నంబరుకి ఫోన్ చేస్తారు.

పెట్టెని రిజిస్టర్ చేసిన రోజు, 'ఎప్పుడూ దొరికే మనిషి నంబరు' అన్న చోట మా ఇంటి నంబరు రాసింది నేనే. అమ్మ ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఫోను ఆమె మిషను పక్కనే, కత్తెరకీ దారపుండల డబ్బాకీ మధ్య ఉంటుంది. అంతకన్నా ఠంచనుగా దొరికే మనిషి ఇంకెవరు అనుకున్నాను.

మొదటి ఫోను వానలు పట్టుకున్న రెండో వారంలో వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. అమ్మకి సాయంగా చొక్కాలకి కాజాలు కుడుతున్నాను. అమ్మ మిషను ఆపకుండానే రిసీవరు ఎత్తి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"హలో... ఆఁ, మా అబ్బాయిదే... ఏం సంకేతం బాబూ?"

మిషను ఆగిపోయింది. నేను తలెత్తేసరికి ఆమె రిసీవరు నా వైపు చాపుతోంది. నేను అందుకున్నాను. అవతల ఒక మగ గొంతు, పద్ధతిగా, ఏ తొందరా లేకుండా చెప్పింది.

"కంగారు పడకండి. మీ నంబరు రాసి ఉన్న పెట్టె నుంచి ప్రమాద సంకేతం వస్తోందండీ. విమానం ఇప్పుడు ఎక్కడుండాలో మీకు తెలుసా?"

తెలుసు. పంపు స్టేషన్‌లో ఉండాలి. కానీ వాన పడితే ఆ కొండ మీద ఏ ఫోనూ పని చెయ్యదు. వాళ్లు హెలికాప్టరు లేపారు. రెండు గంటలు. అమ్మ కుర్చీలోంచి దిగి, మిషను స్టాండు పట్టుకుని నేల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని, ఏం కాదు ఏం కాదు అంటూనే ఉన్నాను.

సాయంత్రం ఐదింటికి అన్నయ్య తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు.

"రన్‌వే మీద గుంట పడిందమ్మా. కాస్త గట్టిగా దిగాను, అంతే. దానికే ఈ వెధవ పెట్టె ఊరంతా చాటింపేసింది. నేను హాయిగా టీ తాగుతుంటే నెత్తి మీదకి హెలికాప్టరు వచ్చింది. అందులోంచి దిగినవాడు నన్ను చూసి, నా చేతిలో గ్లాసు చూసి, 'మీరేనా ప్రమాదం?' అన్నాడు."

అమ్మ లేచి వెళ్లి అతని వీపు మీద నాలుగు బాదింది. ఐదోది పడేలోపే ఏడ్చేసింది. దానికి ఏడుపు పెట్టె అని పేరు పెట్టింది ఆ రోజే.

తర్వాత ఫోన్లు వరసగా వచ్చాయి. ఆ వానలకి రన్‌వే మీద రోజుకో కొత్త గుంట. పెట్టెలో స్ప్రింగు చూస్తే పాతబడి వదులైపోయింది, నేను అరచేత్తో తడితేనే ఏడుస్తోంది. దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు పరీక్షించడానికి కూడా లేదు. ప్రతి గంటలోనూ మొదటి ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లో వినబడే ఏడుపుని, ఎవరో మెకానిక్ చూసుకుంటున్నాడులే అని వదిలేస్తారు. ఆరో నిమిషంలో ఏడిస్తే హెలికాప్టరు లేస్తుంది. నేను గోడ గడియారం వంక చూస్తూ, స్క్రూడ్రైవరు పట్టుకుని, పది ఎప్పుడవుతుందా అని విమానం తోక దగ్గర నిలబడేదాన్ని. ఎన్నిసార్లు సర్దినా ఆ స్ప్రింగు మాట వినలేదు. తల ప్రాణం తోకకొచ్చింది, నిజంగానే.

కొత్త పెట్టె కావాలని మేనేజరు గారికి రాసిచ్చాను. "దారిలో ఉందమ్మాయ్, వచ్చేస్తుంది" అన్నారాయన. మూడు వారాలు అదే మాట. ఈలోపు రక్షణ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది, మీ ఒక్క విమానం కోసం మూడుసార్లు బయలుదేరాం, ఆ సమయంలో ఇంకెవరికైనా నిజంగా అవసరం పడి ఉంటే ఏం సమాధానం చెబుతారని. మేనేజరు గారు ఆ ఉత్తరం నా బల్ల మీద పడేసి వెళ్లిపోయారు.

అన్నయ్యని అడిగాను. "కొత్తది వచ్చేదాకా దీన్ని తీసేద్దామా? కాక్‌పిట్‌లో చీటీ అంటిస్తే చాలు, రూలు ఒప్పుకుంటుంది."

అన్నయ్య నవ్వలేదు. "నీకేమన్నా పిచ్చా? ఆ కొండల మీద నాకున్న తోడు అదొక్కటే. ఏడిస్తే ఏడవనీ. అది లేకుండా నేను ఎక్కను."

"అమ్మ భయపడి చస్తోంది."

"అమ్మకి అలవాటైపోయిందిలే. ఫోనులో అతగాడితో కబుర్లు కూడా చెబుతోంది."

అదీ నిజమే. నాలుగోసారి మోగినప్పుడు నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాను. ప్రతిసారీ అదే మనిషి. అమ్మ అతన్ని ఫోను బాబు అనేది.

"అమ్మా, నేనేనండీ. కంగారు పడకండి."

"నువ్వు కంగారు పడకండి అన్నప్పుడే కదా బాబూ నాకు కంగారు. మళ్లీ ఏడ్చిందా?"

రిసీవరులోంచి అతని గొంతు నాకూ వినబడుతూనే ఉంది. "ఏడ్చిందమ్మా. పంపు స్టేషన్ దగ్గరే చూపిస్తోంది."

"అయితే గుంటలో దింపి ఉంటాడు. చిన్నప్పుడు సైకిలూ అంతే, దారిలో ఒక్క గుంటని వదిలేవాడు కాదు. నువ్వు అన్నం తిన్నావా?"

"ఇంకా లేదమ్మా."

"తిను. వేళకి తినకపోతే ఎలా? మీ పాపకి జ్వరం తగ్గిందా?"

మాటల్లో ధైర్యమే. రిసీవరు పెట్టేశాక మాత్రం ఆమె గంటసేపు మిషను ముట్టుకోలేదు. వేళ్లు మడుస్తూ తనలో తనే అనుకుంటోంది. "మూడుసార్లు మోగింది, మూడుసార్లూ వచ్చాడు. మోగితే వస్తాడు. ఇప్పుడూ వస్తాడు."

వచ్చాడు. జేబు నిండా పంపు స్టేషన్ వాళ్లిచ్చిన జామకాయలు తెచ్చాడు.

ఐదోసారి మోగినప్పుడు అమ్మ ఒక్కతే ఉంది. చేతికింద చొక్కా చెయ్యి, మిషను జోరు మీద ఉంది. ఫోను మోగగానే ఉలిక్కిపడి పెడల్ మీద కాలు గట్టిగా పడింది. సూది ఆమె చూపుడు వేలి గోట్లోంచి దిగి కిందకి పోయింది. ఫోను మోగుతూనే ఉంది. ఆమె రెండో చేత్తో చక్రం తిప్పి సూదిని పైకి లేపుకుంది, వేలు లాక్కుంది, అప్పుడు ఫోను ఎత్తింది. నేను సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి రిసీవరంతా రక్తం. ఒళ్లో ఉన్న తెల్ల చొక్కా పనికి రాకుండా పోయింది. అన్నయ్య క్షేమమని అప్పటికే కబురు వచ్చేసింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి కట్టు కట్టించాను. ఇంటికొచ్చాక గుడ్డతో రిసీవరు తుడుస్తుంటే అమ్మ మంచం మీద నుంచి పిలిచింది.

"నీ చేతిలో పనే కదే అది?"

"ఏది?"

"ఆ పెట్టె. దాని నోరు కాస్త మూయించవే. కొత్తది వచ్చేదాకానే. ఇంకోసారి ఫోను మోగితే నా గుండె ఆగిపోతుంది."

"అన్నయ్య ఒప్పుకోడమ్మా."

"వాడికెందుకు చెప్పడం?"

ఆమె కట్టు మీద రక్తం మళ్లీ మరకలా పైకి వచ్చింది. గోరు పూర్తిగా నల్లబడి, వేలు రెండింతలైంది. రిసీవరు తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నాను.

మర్నాడు మంగళవారం. తొమ్మిదిన్నరకి అన్నయ్య బయలుదేరాలి. తొమ్మిదీ పదికి నేను తోక దగ్గర కూర్చుని పలక విప్పాను. ఆరు స్క్రూలు. లోపల పెట్టె మీద చిన్న స్విచ్ ఉంటుంది. ఆర్మ్‌లో ఉంటే దెబ్బ తగిలినప్పుడు ఏడుస్తుంది. ఆన్‌లో పెడితే అప్పుడే ఏడుస్తుంది. ఆఫ్‌లో ఉంటే విమానం ముక్కలైపోయినా నోరు మెదపదు, కాక్‌పిట్‌లో ఉన్న స్విచ్ ఎంత నొక్కినా సరే, దాని పక్కనున్న దీపం కూడా వెలగదు.

స్విచ్‌ని ఆఫ్‌లోకి జరిపాను. పలక మూసి స్క్రూలు బిగించాను. బయట నుంచి అన్నయ్య అరిచాడు.

"అయిందా?"

"అయింది."

"బాగుందా?"

"బాగుంది, వెళ్లు."

రోజువారీ కాగితంలో పెట్టెకి ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాను. గోడ గడియారం ముల్లు తొమ్మిదీ ఇరవై దగ్గర ఉంది. ఇంకో నలభై నిమిషాలు ఆపి పది గంటలకి పరీక్షిస్తానంటే అన్నయ్య ఆగేవాడే. బుధవారం ఇంకో టిక్కు పెట్టాను. గురువారం ఇంకోటి. ఆ మూడు రోజులూ ఫోను మోగలేదు. అమ్మ రెండు పూటలా అన్నం తింది, నిద్రపోయింది. నేను చేసిన పని మంచిదేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం ఉదయం అన్నయ్య వెళ్లాడు. పన్నెండుకి రావాలి. రెండైంది, మూడైంది. కొండల మీద మేఘం నేలకి దిగింది. మూడున్నరకి పంపు స్టేషన్ నుంచి ఎలాగో కబురొచ్చింది, విమానం అక్కడికి అసలు రానే లేదని.

మేనేజరు గారు నా వైపు తిరిగి అన్నారు. "కేంద్రం నుంచి ఫోను లేదుగా అమ్మాయ్. పెట్టె ఏడవలేదంటే ఎక్కడో దిగి ఉంటాడు."

నేను చెప్పాను. దాచలేదు, ఆ ఒక్క పాపం మాత్రం చెయ్యలేదు. అక్కడే, అందరి ముందూ చెప్పాను. మేనేజరు గారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కేంద్రానికి నేనే ఫోన్ చేశాను. ఎత్తింది ఫోను బాబే. నా గొంతు అతనికి తెలుసు.

"సంకేతం ఏమీ రాలేదండీ మాకు. పెట్టె ఆర్మ్‌లోనే ఉంది కదా?"

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"మంగళవారం నుంచి."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు వచ్చింది.

"సరేనమ్మా. కళ్లతోనే వెతుకుతాం" అన్నాడు. ఫోను పెట్టేయబోతూ మళ్లీ అడిగాడు. "ఇంట్లో పెద్దావిడకి తెలుసా?"

"తెలీదు."

"నేను ఇంటికి ఫోన్ చెయ్యను. మీరే చెప్పండి."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి విమానం కనబడటం లేదని అమ్మకి చెప్పాను. పెట్టె సంగతి చెప్పలేదు. ఆమె కత్తిరిస్తున్న గుడ్డ పక్కన పెట్టి, ఫోను వంక చూసింది.

"మోగలేదుగా" అంది.

"అమ్మా..."

"మోగలేదే! గుంటలో దిగితేనే గగ్గోలు పెట్టే పెట్టె, వాడికి నిజంగా ఏమైనా అయితే ఊరుకుంటుందా? వాన పడుతోందని ఎక్కడో పొలంలో దింపుకుని కూర్చుని ఉంటాడు. నువ్వు మొహం అలా పెట్టకు, చూడలేకపోతున్నాను."

అప్పుడే చెప్పాల్సింది. నేను నోరు తెరిచాను కూడా. ఆమె ఆ కట్టు కట్టిన వేలితో రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, లోపల గుయ్యిమనే చప్పుడు విని, బాగానే ఉందని తృప్తిగా పెట్టేసింది. నేను నోరు మూసుకున్నాను.

ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. వాన తెరిపివ్వలేదు. మేఘం పైకి లేచిన గంటా అరగంటా హెలికాప్టరు తిరిగేది. గొట్టం వెంబడి మనుషులు నడిచి వెతికారు. ఆకాశంలోంచి చూస్తే ఆ అడవి అంతా ఒకే పచ్చన. పెట్టె ఏడ్చి ఉంటే ఆ చోటు ఇంత దగ్గరగా చూపించేది, మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అంతే. నాలుగో రోజు నుంచి మేనేజరు గారు నన్ను విమానాల షెడ్డుకి రావద్దన్నారు. ఆరో రోజున కొత్త పెట్టె పార్శిల్లో వచ్చిందని షెడ్డులో పనిచేసే ఒకాయన చెప్పాడు.

ఇంట్లో అమ్మ ఫోనుకి కాపలా కాసింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. యూనిఫారాల కోసం వచ్చినవాళ్లకీ, పరామర్శకి వచ్చిన పక్కింటి పిన్నిగారికీ అదే మాట చెప్పేది, చిలక్కి చెప్పినట్టు.

"మనిషి ప్రాణం మీదికొస్తే ఏడవడమే ఆ పెట్టె పని. ఏడవలేదంటే మావాడు క్షేమంగా ఉన్నాడనే కదా? మా అమ్మాయి చూసుకునే పెట్టె అది. అడగండి, ఎంత గట్టిదో చెబుతుంది."

వాళ్లు నా వైపు చూసేవారు. నేను తల ఊపేదాన్ని. ఆ తల అక్కడికక్కడే తెగిపడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు. నిజం చెబితే ఆమె ఆశ పోతుంది. అంతటితో ఆగదు. "ఎందుకు చేశావే?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఆమె వేలికే కట్టి ఉంది. అది ఆమెకి ఎలా ఇవ్వను?

తొమ్మిదో రోజు ఉదయం పదకొండు గంటలకి ఫోను మోగింది.

నేను నీళ్లు పట్టుకుంటున్నాను. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తింది. ఆ పరుగు, ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోలేను. పెళ్లికూతురి మొహం వెలిగినట్టు వెలిగింది.

"మోగిందే! మోగింది! విన్నావా?"

"అమ్మా, ఆగు, నేను ఎత్తుతాను..."

"పో అవతలికి!" రిసీవరు ఎత్తేసింది. "చెప్పు బాబూ! ఇన్నాళ్లకి గుర్తొచ్చానా? ఎక్కడ దింపాడు ఈసారి?"

ఐదుసార్లూ మొదటి మాటగా కంగారు పడకండి అన్న మనిషి, ఈసారి ఆ మాట అనలేదు. ఏమన్నాడో నాకు వినబడలేదు. అమ్మ వింటోంది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. తర్వాత, "మోగింది కదా బాబూ" అంది. "ఇప్పుడు మోగింది కదా. మోగితే ఉన్నట్టే కదా." రెండోసారి కూడా అదే అంది. మూడోసారి అంటుంటే నేను ఆమె చేతిలోంచి రిసీవరు తీసుకున్నాను. అవతల అతను ఏడుస్తున్నాడు.

మేఘం తప్పించుకోవడానికి అన్నయ్య గొట్టం దారి వదిలి పక్క లోయలోకి వెళ్లాడు. అక్కడ కట్టెలు కొట్టుకునేవాళ్లకి విమానం కనబడింది. అన్నయ్యకి రెండు కాళ్లూ విరిగాయి. కానీ పడగానే పోలేదు. ఎన్నాళ్లు ఉన్నాడో ఎలా తెలిసిందంటే, విమానంలో ఉండే చెక్‌లిస్టు అట్ట వెనక పెన్సిలుతో రాశాడు. విచారణకి వచ్చిన అధికారి ఆ అట్ట నకలు ఇంటికి తెచ్చి ఇచ్చాడు. అమ్మ కళ్లజోడు ఎక్కడుందో వెతుక్కునే ఓపిక కూడా లేక, "చదవవే" అంది. చదివాను.

'శుక్రవారం, పదీ నలభై. స్విచ్ వేశాను. దీపం వెలగలేదు. దీపం పోయినట్టుంది. పెట్టె చెల్లి చూసిందే, పని చేస్తుంది.

సాయంత్రం. వాన. మేఘం కింద వాళ్లు ఎగరలేరు. రేపు వస్తారు.

శనివారం. పైన హెలికాప్టరు చప్పుడు. అటు వెళ్లిపోయింది. చోటు తెలుసు కాబట్టి మళ్లీ వస్తుంది.

ఆదివారం. అమ్మకి ఫోను వెళ్లే ఉంటుంది. పాపం ఎంత కంగారు పడుతోందో.'

అంతే. ఆ తర్వాత గీతలు ఉన్నాయి గానీ అక్షరాలు కావు.

అధికారి తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. అమ్మ నెమ్మదిగా అతన్ని అడిగింది. "నాకు ఫోను రాలేదే? వాడు స్విచ్ వేశాను అంటున్నాడు. మరి రాలేదే?"

అధికారి నన్ను చూశాడు. తప్పించుకోవడానికి ఇక చోటు లేదు.

"నేనే ఆఫ్ చేశానమ్మా. తోకలో. మంగళవారం."

"ఎందుకు?"

కట్టు విప్పేసి రెండు రోజులైంది. నల్లబడిన గోరు ఊడిపోయి, వేలి చివర ఎర్రటి లేత చర్మం కనబడుతోంది. ఆ చెయ్యి ఆమె ఒళ్లో ఉంది.

"విసుగొచ్చింది" అన్నాను. "ఊరికే ఏడుస్తుంటే విసుగొచ్చి ఆపేశాను."

అమ్మ నా చెంప మీద కొట్టింది. ఆ వేలు ఉన్న చేత్తోనే కొట్టింది. దెబ్బ నాకు తగిలింది, నొప్పికి మూలిగింది మాత్రం ఆమె. అధికారి తన పుస్తకంలో 'విసుగు' అనే రాసుకున్నాడు. రిపోర్టులో కూడా అదే వచ్చింది.

నా లైసెన్సు తీసేసుకున్నారు. ఇప్పుడు నేను ఇంట్లోనే ఉంటాను. అమ్మ మిషను కుడుతుంది, నేను ఎదురుగా కూర్చుని కాజాలు కుడతాను. యూనిఫారాల కోసం ఎవరో ఒకరు చేసే ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆమె ఎత్తదు, మోగినంతసేపూ మిషను ఆపి గోడ వంక చూస్తుంది. నేనే ఎత్తుతాను. ఊళ్లో అందరికీ నా సంగతి తెలుసు. అన్నని చంపుకున్నదని వెనక నుంచి అంటారు. అమ్మ విన్నా వారించదు. నాతో మాట్లాడేది కూడా రోజుకి ఒక్కసారే. మధ్యాహ్నం, కంచాలు పెట్టే ముందు.

"ఎవరు చెప్పారే నీకు దాన్ని ఆపమని?"

అలా అడుగుతున్నప్పుడు నా మొహం వంక చూడదు. చూపుడు వేలు చూసుకుంటుంది. గోరు మళ్లీ వచ్చింది గానీ వంకరగా వచ్చింది, మధ్యలో నిలువునా చార ఉంది. బొటనవేలితో ఆ చారని రుద్దుకుంటూ నా జవాబు కోసం ఊపిరి బిగబట్టి ఆగుతుంది.

"ఎవరూ చెప్పలేదమ్మా" అంటాను.

"ఎవరూ చెప్పలేదు కదా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే ఆపాను."

అప్పుడు ఆమె ఊపిరి వదిలి, కంచం దగ్గరికి లాక్కుని, అన్నం కలుపుకుంటుంది.